జపాన్ ఫిట్‌కు రెండో తాళంచెవి: ప్రాజెక్టు డైరీ

బండి: హోండా ఫిట్, మోడల్ కోడు జీఈ6, 1.3 లీటర్ల ఇంజిన్. 2007 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన రెండో తరం. కీ తిప్పి స్టార్ట్ చేసే రకం. స్మార్ట్ కీ ఉన్న ఫిట్‌కు దారి వేరు, ఇక్కడ రాసింది దానికి పనికిరాదు.

ఉన్న చోటు: ఆక్లాండ్.

చేతిలో ఉన్నవి: తాళంచెవి ఒకటి, రెండు బటన్లది. మాన్యువల్ లేదు. కీ నంబరు కొట్టిన లోహపు బిళ్ల లేదు.

జపాన్ వేలంలో కొని న్యూజిలాండ్‌కు ఓడెక్కించిన పాత కార్లు ఒకే తాళంచెవితో దిగడం ఇక్కడ మామూలే. ఆక్లాండ్‌లో తెలుగువాళ్ల ఇళ్ల ముందు నిలబడే ఫిట్‌లు, డెమియోలు, ఆక్వాలు ఈ బాపతే. పనిచేసే కీ ఒకటి చేతిలో ఉండగా రెండోది చేయించడం ఒక ఎత్తు. అదీ పోయాక చేయించడం ఇంకో ఎత్తు: బండిని లాగించాలి, తాళం కప్పను చదివించాలి, పాత కీలన్నీ చెరిపి కొత్తగా ఎక్కించాలి. అందుకే ఈ పని ఇప్పుడే.

మొదటి శనివారం: ఏముందో చూడడం

నల్ల ప్లాస్టిక్ తలకాయ ఒక్కటే గానీ అందులో మూడు వేర్వేరు పనిముట్లున్నాయి. ఉక్కు బ్లేడు తాళాన్ని తిప్పుతుంది. చిప్పు ఇమ్మొబిలైజర్‌తో, అంటే సరైన కీ కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటుతో, మాట్లాడుతుంది. రిమోట్ సెంట్రల్ లాకింగ్‌కు సంకేతం పంపుతుంది. ఒకటి కుదిరిందంటే మిగతా రెండూ కుదిరినట్టు కాదు. "కొత్త కీ పనిచేయడం లేదు" అన్నప్పుడు ముందు అడగాల్సింది ఆ మూడింట్లో ఏది అని.

చిప్పుకు సెల్లు అక్కర్లేదు. కీ పెట్టే బొక్క చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రంతోనే చిప్పు మేల్కొని జవాబిస్తుంది. రిమోట్ సెల్లు చచ్చినా ఇంజిన్ స్టార్ట్ అయ్యేది ఇందుకే.

బండిలో అసలు ఇమ్మొబిలైజర్ ఉందా అన్నది ముందు తేలాలి. జపాన్ మార్కెట్‌లో తక్కువ గ్రేడు బండ్లు అది లేకుండానే వచ్చేవి. లేని బండికి చిప్పు కీ కొంటే డబ్బు దండగ. ఆన్ చేయగానే మీటర్ల దగ్గర పచ్చ తాళంచెవి గుర్తు రెండు సెకన్లు వెలిగి ఆరింది. అంటే ఉన్నట్టే. ఇంకో పరీక్ష వచ్చే వారం బ్లేడు కోయించాక.

తర్వాత కీ విప్పాం. తలకాయ వెనక ఒకే ఒక చిన్న ఫిలిప్స్ స్క్రూ. దాని గాడి ఇట్టే అరిగిపోతుంది. సరిపోయే సైజు స్క్రూ డ్రైవర్‌ను నిటారుగా పెట్టి, గట్టిగా అదిమి తిప్పాలి. స్క్రూ వచ్చాక అంచు సందులో నాణెం పెట్టి మెలితిప్పితే రెండు చిప్పలుగా విడిపోతుంది. లోపల చిన్న డబ్బీ లాంటి మాడ్యూల్, అందులో సర్క్యూట్ బోర్డు, సీఆర్ 1616 సెల్లు. సెల్లు కొలిస్తే 2.7 వోల్టులు. కొత్తదైతే 3 పైనే చూపించాలి. మార్చేశాం. నీరసించిన సెల్లుతో రిమోట్ పరీక్షలు మొదలుపెడితే ఏ తప్పు దేనిదో తెలియదు.

బోర్డుకు రెండు వైపులా ఫోటోలు తీసుకోవాలి. మాడ్యూల్ మీద అచ్చయిన మోడల్ కోడు, అంకెలు, చివర ఉన్న ఒంటరి అక్షరంతో సహా రాసుకోవాలి. కొన్ని హోండా కీల్లో ట్రాన్స్‌పాండర్ (ఇమ్మొబిలైజర్‌కు జవాబిచ్చే) చిప్పు బోర్డులోనే కలిసి ఉంటుంది, కొన్నింట్లో ప్లాస్టిక్ చిప్పలో చిన్న నల్ల దిమ్మగా విడిగా దాక్కుంటుంది. తలకాయ మార్చేటప్పుడు ఆ దిమ్మను పాత చిప్పతోపాటు చెత్తబుట్టలో పారేసి, బండి స్టార్ట్ కావడం లేదని తల పట్టుకునేవాళ్లున్నారు.

ఈ కీలో చిప్పు ఐడీ 46 అనే రకం కుటుంబానిది.

ఆదివారం: రిమోట్ ఫ్రీక్వెన్సీ

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

యూరప్‌లో కార్ రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్. ఇండియాలోనూ అలాంటి చిన్న పరికరాలకు లైసెన్స్ లేకుండా వదిలిన బ్యాండ్ 433–434. జపాన్ వీటికి దూరంగా 312 నుంచి 315 మధ్య నడుస్తుంది. అక్కడి ఎఫ్ఎం రేడియో 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కదా, అందుకే దిగుమతి కార్ల రేడియోలో ఇక్కడి స్టేషన్లు సగం పైగా దొరకవు. రిమోట్ కథా ఆ తానులో ముక్కే.

కొలవడానికి ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ యూఎస్‌బీ డాంగిల్ చాలు: రేడియో సంకేతాలను పట్టి కంప్యూటర్ తెరమీద గీతలుగా చూపించే చిన్న రిసీవర్ అది. దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టి, మధ్య ఫ్రీక్వెన్సీ 314 దగ్గర, వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్ పెట్టి, కీని యాంటెన్నాకు అర మీటరు దూరంలో పట్టుకుని బటన్ నొక్కాలి. మరీ ఆనించి నొక్కితే రిసీవర్ ఉక్కిరిబిక్కిరై తెర నిండా దొంగ గీతలు లేస్తాయి. అసలు గీత ఏదో తెలియదు.

ఒరిజినల్ కీ గీత 313.8 దగ్గర లేచింది. మూడుసార్లు నొక్కినా అక్కడే.

చవక డాంగిల్ లెక్క తప్పదా అంటే తప్పుతుంది. కానీ పది లక్షలకు 50 వంతులు తప్పినా 313.8 దగ్గర తేడా దాదాపు 16 కిలోహెర్ట్జే. 313.8కీ 315కీ మధ్య ఎడం 1,200 కిలోహెర్ట్జ్. ఆ రెండింటినీ కలగలిపే అవకాశం లేదు. చేతిలో పట్టుకునే చిన్న ఫ్రీక్వెన్సీ టెస్టర్లను మాత్రం ఇక్కడ నమ్మకూడదు. దగ్గరలో ఉన్న పేరున్న అంకెను, అంటే 315ని చూపించేవి ఉన్నాయి.

సంఖ్యతోపాటు గీత ఆకారాన్నీ తెరమీద బొమ్మ తీసి దాచాలి. పక్కపక్కనే రెండు మొనలుంటే ఒక రకం మాడ్యులేషన్ (సంకేతాన్ని రేడియో అలలో కూర్చే తీరు), ఒకే మొన ఉంటే ఇంకో రకం. కొత్త రిమోట్ ఫ్రీక్వెన్సీ కలిసి ఆకారం కలవకపోతే అదీ పనికిరాదు.

వారం మధ్యలో: ఆర్డరు, మొదటి దెబ్బ

ఆర్డరిచ్చినవి:
రెండు బటన్ల రిమోట్ కీ, కోయని బ్లేడుతో, ఐడీ 46 చిప్పుతో – 1
చిప్పు లేని ఉత్త లోహపు బ్లాంక్ (ఇంకా కోయని కీ), హెచ్‌ఓఎన్ 66 రకం బ్లేడు – 1
సీఆర్ 1616 సెల్లులు – 3

విడిభాగాల కౌంటర్‌లో బండి వివరాలు ఇచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. న్యూజిలాండ్ రిజిస్ట్రేషన్‌లో ఉండే, 7ఏటీతో మొదలయ్యే 17 అక్షరాల నంబరు దిగుమతి అయ్యాక ఇక్కడ వేసింది. హోండా కేటలాగుకు అది తెలియదు. జపాన్ ఛాసిస్ నంబరు ఇవ్వాలి: జీఈ6, ఒక అడ్డగీత, ఆపైన అంకెలు. అది బానెట్ కిందా, లోహపు పలక మీదా ఉంటుంది. ఇది ఇవ్వకపోతే "మా కంప్యూటర్‌లో మీ బండే లేదు" అన్న జవాబు ఖాయం.

రిమోట్ వచ్చింది. ప్రకటనలో "ఫిట్ జీఈ, జపాన్" అనే ఉంది. బటన్లు, బొమ్మలు, బరువు అంతా ఒరిజినల్ లాగే. డాంగిల్ ముందు పెట్టి నొక్కితే గీత 315.0 దగ్గర లేచింది. బ్లేడు కోయించకముందే కొలవడం మంచిదైంది. కోసిన కీని ఎవరూ వెనక్కి తీసుకోరు. అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారు. రెండోదానికి ఆర్డరు పెట్టేటప్పుడు "313.8" అని అంకె రాసి, మాడ్యూల్ కోడు ఫోటో జత చేశాం.

సెలవులకు హైదరాబాద్ వెళ్లేవాళ్లతో అక్కడి జాజ్ కీ తెప్పించుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. 2009లో ఇండియాలో దిగిన జాజ్ ఈ ఫిట్‌కు తోబుట్టువే, కీ రూపం కూడా అదే. రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉత్త షెల్ దొరికితే తెచ్చుకోవచ్చు. విరిగిన తలకాయ మార్చడానికి పనికొస్తుంది. బోర్డు మాత్రం 433 బ్యాండ్‌ది. ఆ కూత ఈ బండికి వినిపించదు.

తుక్కు యార్డుల్లో దొరికే వాడిన కీలూ అంతే సగం పనికి. హెచ్‌ఓఎన్ 66 బ్లేడుకు గాడి పక్కభాగంలో పాములా తొలిచి ఉంటుంది. ఒకసారి తొలిచిన లోహం మళ్లీ పుట్టదు, కొత్తగా కోయడానికి చోటుండదు. కోయని బ్లేడున్న కొత్త తలకాయలోకి పాత బోర్డు మార్చుకోవచ్చు గానీ, ఇంత శ్రమకు కొత్తది కొనడమే నయం.

రెండో శనివారం: బ్లేడు

ముందు ఉత్త లోహపు బ్లాంక్‌నే కోయించాం. కారణాలు రెండు. కోత తప్పితే పోయేది చవక ముక్క. రెండోది, చిప్పు లేని కీతో ఇంజిన్ నిలబడుతుందా లేదా చూస్తే ఇమ్మొబిలైజర్ సంగతి పక్కాగా తేలిపోతుంది.

ఈ బ్లేడును మామూలు డూప్లికేట్ మిషన్ మీద కోయలేరు, పక్క గాడి తొలిచే మిల్లింగ్ మిషన్ కావాలి. అందులోనూ రెండు పద్ధతులు. ట్రేసింగ్ అంటే పాత కీ గాడి వెంట పుల్ల నడుస్తుంటే ఇటు కత్తి అలాగే కోస్తుంది. డీకోడింగ్ అంటే మిషన్ పాత కీ లోతులు చదివి, ఒక్కో చోటుకు దగ్గరగా ఉన్న ఫ్యాక్టరీ లోతుకు సర్ది, కొత్త కీని ఆ కొలతలతో కోస్తుంది. ఇన్నేళ్లు వాడిన కీని ట్రేస్ చేస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది, దానిమీద మిషన్ పొరపాటు అదనం. డీకోడ్ చేయమని నోరు తెరిచి అడగాలి. లేకపోతే తొందరలో ట్రేస్ చేసి ఇచ్చేస్తారు.

మొదటి కోత ట్రేసింగే జరిగింది. డ్రైవర్ తలుపు తెరుచుకుంది. డిక్కీ తెరుచుకుంది. ఇగ్నిషన్‌లో మాత్రం ఏసీసీ (ఆన్‌కు ముందు గీత) దాకా తిరిగి, ఆన్ దగ్గర పట్టేసింది. కొంచెం వెనక్కి లాగి తిప్పితే కదులుతోంది. వెనక్కి లాగితే తిరుగుతోందంటే గాడి మొత్తం పొడవునా వెంట్రుకవాసి జరిగి ఉందన్నమాట: బిగించేటప్పుడు బ్లాంక్ మొన ఆపుకు సరిగా ఆనలేదు. ఇలాంటప్పుడు ఆకురాయి తీసి గీకబుద్ధవుతుంది. వద్దు. పక్క గాడిని చేత్తో సరిచేయడం కుదరదు, ఊడిన రజను తాళం కప్పలో చేరి అసలు కీని కూడా సతాయిస్తుంది. బలంగా తిప్పడం అంతకన్నా వద్దు. కీ లోపల విరిగితే ఈ ప్రాజెక్టు వేరే ప్రాజెక్టు అవుతుంది.

డీకోడ్ చేసి ఇంకో బ్లాంక్ కోశారు. వెన్నలో పెట్టినట్టు తిరిగింది. మిషన్ తెరమీద కనిపించిన లోతుల వరసను ఫోటో తీసుకున్నాం. బిళ్ల పోయిన బండికి ఇక అదే బిళ్ల.

ఒరిజినల్ కీని ఇంట్లో ఉంచి, ఈ ఉత్త కీతో స్టార్ట్ చేశాం. స్టార్టర్ తిరిగింది, ఇంజిన్ నిలబడలేదు. పచ్చ గుర్తు టపటపా కొట్టుకుంటోంది. ఇమ్మొబిలైజర్ ఉంది, పనిచేస్తోంది. ఈ పరీక్షప్పుడు అసలు కీ అదే గుత్తిలో వేలాడుతూ ఉండకూడదు. తీగచుట్ట దాన్ని చదివేస్తే ఫలితం తప్పుతుంది.

అదే రోజు సాయంత్రం: చిప్పు ఎక్కించడం

రెండో రిమోట్ కీ వచ్చింది. డాంగిల్ ముందు 313.8, ఆకారమూ కలిసింది. అదే కొలతలతో బ్లేడు కోయించాక పరికరం తగిలించాం.

హోండా సొంత పరికరం పేరు హెచ్‌డీఎస్. ఆటెల్, ఎక్స్‌టూల్ లాంటి బయటి కంపెనీల కీ ప్రోగ్రామర్లతోనూ అవుతుంది. ఏదైనా ముందు చేయాల్సింది బండి బ్యాటరీ చూడడం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు తక్కువుంటే చార్జర్ తగిలించాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, రేడియో ఆపేయాలి. మధ్యలో వోల్టేజీ కుంగితే పని సగంలో ఆగుతుంది, ఉన్న కీ కూడా పోయే ప్రమాదం తెచ్చుకోవడమే.

పరికరం "బండిని నేనే గుర్తిస్తా" అంటే ఒప్పుకోకూడదు. అది వెతికేది 17 అక్షరాల నంబరు, జపాన్ బండిలో అది ఉండదు. చేత్తో ఎంచుకోవాలి: జపాన్, ఫిట్, సంవత్సరాలు, కీ తిప్పే రకం. యూరప్ జాజ్ మెనూలోకి దూరితే సగం దూరం నడిచి ఆగిపోతుంది.

మొదటిసారి పరికరమే వెలగలేదు. దాన్ని తగిలించే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకూ 4వ పిన్నుకూ మధ్య 12 వోల్టులు రావాలి, రాలేదు. ఫ్యూజు పోయింది. మార్చాక వెలిగింది. వెలిగి కూడా బండితో మాట కలవకపోతే చూడాల్సింది 6, 14 పిన్నులు: బ్యాటరీ విప్పి ఆ రెంటి మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర ఉండాలి.

ముందుగా ఎన్ని కీలు ఎక్కి ఉన్నాయో అడిగాం. రెండు అంది. చేతిలో ఉన్నది ఒకటి. రెండోది జపాన్‌లో ఏ సొరుగులో ఉందో. అందుకే "ఒక కీ చేర్చు" కాకుండా "అన్నీ చెరిపి కొత్తగా ఎక్కించు" ఎంచుకున్నాం. దీనికి ఉంచుకోదలచిన కీలన్నీ ఆ క్షణాన చేతిలో ఉండాలి. తెర అడిగిన వరసలో పాత కీ పెట్టి ఆన్, ఆఫ్, బయటికి; కొత్త కీ పెట్టి ఆన్, ఆఫ్. తొందరపడి తెర కంటే ముందు తిప్పకూడదు. చివర్లో లెక్క మళ్లీ రెండే, ఈసారి రెండూ మన దగ్గరున్నవే.

ఒక్కో కీతో ఇంజిన్ స్టార్ట్ చేసి అర నిమిషం నడిపించి చూశాం. నిలబడింది.

మెనూలో ఏ దారీ దొరకని బండికి ఇంకో మార్గం క్లోనింగ్: పాత చిప్పు నకలును ప్రత్యేకమైన ఖాళీ చిప్పులోకి రాయడం. ఐడీ 46కు పాత కీని చదివితే సరిపోదు. ఇగ్నిషన్ దగ్గర తీగచుట్ట పంపే సంకేతాన్ని కూడా పట్టి, దాన్నించి రహస్య సంఖ్యను లెక్కగట్టించాలి. అప్పుడు బండికి రెండు కీలూ ఒకటే అనిపిస్తాయి. అయితే ఒకటి పోతే దాన్ని మాత్రమే చెరపడం కుదరదు. మొదటి పద్ధతి ఉండగా దీని జోలికి పోనక్కర్లేదు.

ఆదివారం: రిమోట్

దీనికి పరికరం అక్కర్లేదు, చేతి గడియారం కావాలి. తలుపులు, బానెట్, డిక్కీ అన్నీ మూసి, లోపల కూర్చుని:

పాత కీని ఆన్‌కు (రెండో గీతకు) తిప్పి, 1 నుంచి 4 సెకన్లలో దాని లాక్ బటన్ ఒక సెకను నొక్కాలి. 4 సెకన్లలోపు ఆఫ్. మళ్లీ 4 సెకన్లలోపు ఆన్, నొక్కు, ఆఫ్. ఇలా మూడుసార్లు. నాలుగోసారి ఆన్ చేసి నొక్కగానే తలుపుల తాళాలు వాటంతటవే టకటక కొట్టుకుంటాయి. బండి చెవి తెరిచిందన్నమాట. ఇప్పుడు 10 సెకన్లలోపు కొత్త రిమోట్ బటన్ నొక్కాలి, తాళాలు కొట్టుకోవాలి. మరో 10 సెకన్లలోపు పాతదాని బటన్ మళ్లీ నొక్కాలి. తర్వాత ఆఫ్ చేసి కీ తీసేయాలి.

పాతదాన్ని మళ్లీ ఎందుకంటే, ఈ పద్ధతి కొత్తగా ఎక్కించేటప్పుడు పాత జాబితాను చెరిపేస్తుంది. ఈ మెట్టు మరిచిపోయి "కొత్తది పనిచేస్తోంది, పాతది పాడైంది" అనుకునేవాళ్లే ఎక్కువ. రిసీవర్ మూడు రిమోట్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది. నాలుగోది ఎక్కిస్తే మొదటిది రాలిపోతుంది.

రెండుసార్లు తప్పింది. మొదటిసారి ఆఫ్ అంటూ ఏసీసీ దగ్గరే ఆపాం, అది లెక్కలోకి రాదు, సున్నా గీత దాకా పోవాలి. రెండోసారి డిక్కీ సరిగా మూతపడలేదు. మూడోసారి కుదిరింది.

చెవి తెరిపించడానికి పాత కీనే వాడడంలో ఒక లాభముంది. తాళాలు టకటకమని, కొత్తదానికి మాత్రం పలక్కపోతే తప్పు కొత్త రిమోట్‌దే. అసలు టకటకమనకపోతే తప్పు మన చేతి వేగానిదో, మూయని తలుపుదో. మొదటి 315 రిమోట్‌తో నేరుగా ఈ వరస మొదలుపెట్టి ఉంటే గంటలకొద్దీ టైమింగ్‌నే తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

పరీక్షించేటప్పుడు కీ ఇగ్నిషన్‌లో ఉండగా రిమోట్ నొక్కి చూడొద్దు. మామూలుగా అప్పుడది పలకదు.

బుధవారం: తిరుగుటపా

మూడు రోజులకే కొత్త రిమోట్ నీరసించింది. ఆనించి నొక్కితే తప్ప పలకడం లేదు. సెల్లు కొలిస్తే 2.4 వోల్టులు. మూడు రోజుల్లో సెల్లు తాగేసిందంటే బోర్డు నిరంతరం కూస్తోందన్నమాట. డాంగిల్ ముందు పెడితే, ఎవరూ నొక్కకుండానే 313.8 దగ్గర గీత.

విప్పి చూస్తే బ్లేడు కోయించాక మూత బిగించినప్పుడు బటన్ల రబ్బరు పొర ఒక మూల మడతపడి, అన్‌లాక్ స్విచ్‌ను అదిమి పట్టుకుంది. అచ్చంగా గోరంత మడత. రబ్బరును సర్ది, నాలుగు మూలలూ గాడిలో కూర్చున్నాయో చూసి, స్క్రూను బిగిసిన చోట ఆపాం. ఎక్కువ బిగించినా ఇదే జరుగుతుంది. కొత్త సెల్లు వేసేటప్పుడు వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని పెట్టాం. మూత వేశాక మళ్లీ డాంగిల్ ముందు ఒక నిమిషం: నొక్కనప్పుడు నిశ్శబ్దం, నొక్కితే గీత.

రిమోట్ దూరం: పాతది పార్కింగ్‌లో 14 అడుగులు, కొత్తది 15. పాతదానికి సెల్లు కొత్తదే కాబట్టి ఇది దాని బటన్ కింద అరిగిన స్విచ్ మహిమ అయ్యుండొచ్చు. అది ఇంకో వారం పని.

ఉత్త లోహపు కీ ఇంజిన్ నడపకపోయినా తలుపు తెరుస్తుంది. దాన్ని పర్సులో పెట్టాం. కొత్త రిమోట్ కీ ఇంట్లో గూట్లోకి వెళ్లింది, సెల్లు వేసిన తేదీ రాసిన చీటీతో.